ముందు బ్రాకెట్ వంగింది: లాగించాలా, కాల్చాలా, కోసి కొత్తది వేయాలా?

బొర్రా గుహల దగ్గరి గేట్‌వలస నుంచి కటికి జలపాతానికి పోయే దారిని దారి అనడం మర్యాదకే. వానలు మొదలైతే అది రాళ్లు తేలిన వాగు. రెండేళ్ల కిందట జూలైలో ఆ దారి దిగుతుండగా నా పాత మారుతి జిప్సీ ఎడమ ముందు చక్రం రెండు బండల సందులోకి జారి, ఎదురుగా ఉన్న రాయికి కొట్టుకుని ఆగింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. ఇనుప డబ్బాలో సుత్తి పడినట్టు ఒకే ఒక్క మోత. దిగి చూస్తే నూనె కారడం లేదు, టైరులో గాలి ఉంది, చక్రం తిరుగుతోంది. బతికిపోయాననుకుని బయలుదేరాను. శృంగవరపుకోట దాటి రోడ్డు బాగుపడ్డాక గానీ తెలియలేదు, స్టీరింగును కుడి వైపు కాస్త బిగబట్టి ఉంచితే తప్ప బండి తిన్నగా పోవడం లేదని.

మర్నాడే అలైన్‌మెంట్ చేయించాను. తెర మీద అంకెలన్నీ పచ్చరంగులో కనిపించాయి, డబ్బు కట్టి వచ్చేశాను. రెండు నెలల్లో ఎడమ ముందు టైరు ఒక అంచు ఆకురాయితో గీసినట్టు అరిగిపోయింది. అక్కడ పనిచేసిన కుర్రాడిది పూర్తిగా తప్పని అనను. బీటలు వారిన గోడకు సున్నం వేయమని అడిగింది నేనే.

చివరికి విశాఖ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి టేపు పట్టి కొలిచాడు. కుడి వైపు ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్యకు 2,375 మిల్లీమీటర్లు, కంపెనీ చెప్పిన లెక్కే. ఎడమ వైపు 2,362. “బాబూ, మీ బండి కుంటుతోంది. కాలు విరిగితే చెప్పులు మార్చి ఏం లాభం?” అన్నాడు. అతని అనుమానం ముందు బ్రాకెట్ మీద. ఇరుసును మోసే కమాన్ కట్టను (పట్టీలు పేర్చిన స్ప్రింగును) చాసిస్‌కు, అంటే బండిని మోసే ఇనుప ఫ్రేముకు, పట్టి ఉంచే ముక్క అది.

ఆ తరువాత ఈ పని గురించి నేను విన్న సలహాలు అన్నీ ఇన్నీ కావు. గ్యాస్ సిలిండరు ఉన్నవాడు కాల్చి కొడదామన్నాడు. హైడ్రాలిక్ జాకీ ఉన్నవాడు లాగుదామన్నాడు. వెల్డింగు షాపువాడు ఇంత మందం ప్లేటు తెచ్చి, ఇది వేస్తే మీ మనవళ్ల కాలానికి కూడా వంగదన్నాడు. ఎవరి చేతిలో ఏ పనిముట్టు ఉంటే వాళ్లకు జబ్బు ఆ రూపంలోనే కనిపిస్తుంది. ఎంచుకోవలసింది మనమే. ఆ ఎంపిక పద్ధతి పేరును బట్టి కాదు, దెబ్బ ఎంత లోతుకు పోయిందన్న దాన్ని బట్టి చేయాలి.

దెబ్బ ఎక్కడ ఆగింది?

ముందుగా అసలు బ్రాకెట్టే వంగిందా అన్నది తేల్చుకోండి. జిప్సీలాగా కమాన్ కట్టల మీద నడిచే బండ్లలో, కట్టల నడుమ ఉండే సెంటర్ బోల్టు తెగితే ఇరుసు ఒక వైపు వెనక్కి జారుతుంది. అప్పుడు కూడా టేపు ఇదే లెక్క చూపిస్తుంది, బండి ఇలాగే ఒక పక్కకు లాగుతుంది. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైనా అంతే. వందల్లో అయిపోయే పని అది. మహీంద్రా థార్‌లో చక్రాన్ని చాసిస్‌కు కలిపే కింది ఆర్మ్ వంగి ఉండవచ్చు, మారుతి జిమ్నీలో ఇరుసును పక్కకు జరగకుండా పట్టి ఉంచే అడ్డ కడ్డీ వంగి ఉండవచ్చు. బోల్టు విప్పి మార్చగల భాగం వంగిందంటే మీరు అదృష్టవంతులు. కొత్తది కొని బిగించుకోండి, సరిచేయించకండి. అలాంటి భాగాన్ని సుత్తితో తిన్నగా చేయించి మళ్లీ వాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇవన్నీ బాగున్నాయంటే అప్పుడు బ్రాకెట్ వంతు. దానిలో మూడు అంచెలున్నాయి. మొదటివి చెవులు, అంటే బోల్టు దూరే రెండు రేకులు. రెండోది పాదం, బ్రాకెట్ చాసిస్‌కు అతుక్కున్న చోటు. మూడోది చాసిస్ దూలం, బండి పొడవునా సాగే రెండు ఇనుప పెట్టెల్లో ఒకటి. దెబ్బ చెవుల దగ్గరే ఆగితే ఒక వైద్యం, పాదం దాకా పోతే ఇంకొకటి, దూలానికి తగిలితే పూర్తిగా వేరే కథ.

దీన్ని తేల్చడానికి మా మేస్త్రి చేసిన కొలత ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగినదే. సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద బండిని నిలిపి, చక్రాలు తిన్నగా పెట్టాడు. తాపీ మేస్త్రులు వాడే గుండు దారం తెచ్చి, ముందు బ్రాకెట్ బోల్టు నడిమి నుంచి వేలాడదీసి, గుండు మొన నేలను తాకిన చోట సుద్దముక్కతో గీటు పెట్టాడు. అలాగే రెండు వైపులా, ముందూ వెనుకా, కమాన్ కట్టల బోల్టులన్నిటి దగ్గరా. తరువాత బండిని వెనక్కి తోయించాడు. నేల మీద ఎనిమిది సుద్ద గీట్లు మిగిలాయి. బండి ఎముకల గూడు ముగ్గు చుక్కల్లా నేల మీద పరచుకున్నట్టు ఉంది. ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు, మళ్లీ రెండో జత మూలలకు టేపు. మిగతా చుక్కలు మూలమూలకు సమానంగా వచ్చాయి, ఒక్క ఎడమ ముందు బ్రాకెట్ చుక్క మాత్రం వెనక్కి జరిగింది. అంటే దూలం నిలబడింది, బ్రాకెట్ ఒక్కటే దెబ్బ తిన్నది.

మూలమూలల తేడా మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే అది టేపు పట్టడంలో వచ్చే తేడా అనుకుని వదిలేస్తాను. ఐదు దాటితే మళ్లీ కొలుస్తాను. పది దాటితే ఇక సందేహం లేదు. ఇది నా కొలబద్ద. మీ బండికి కంపెనీ చాసిస్ కొలతల పటం ఉంటే దాన్నే నమ్మండి.

కొలత తరువాత పగుళ్లు. విశాఖలో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది, ఓడలు కట్టే ఊరు కాబట్టి వెల్డింగును పరీక్షించే మనుషులకూ సామగ్రికీ కొదవ లేదు. ఎర్రరంగు డై, శుభ్రం చేసే ద్రవం, తెల్లటి డెవలపర్ అని మూడు స్ప్రే డబ్బాలు వస్తాయి. వంగిన చోట రంగు, తుప్పు గీకేసి, ఎర్రరంగు కొట్టి కాసేపు ఆగాలి. గుడ్డతో తుడిచేసి తెల్లది కొట్టాలి. నా బ్రాకెట్ మీద మొదట ఏమీ కనబడలేదు. తెల్లటి పూత ఆరుతుండగా, పాదం వెల్డింగు అంచున వెంట్రుకంత సన్నటి ఎర్ర గీత తేలింది. చూస్తుండగానే అది చిటికెన వేలి గోరంత పొడవుకు సాగింది. కంటితో వంద సార్లు చూసినా దొరకని పగులు అది. దాంతో లాగి సరిచేద్దామన్న మాట అక్కడితో ముగిసింది.

చల్లగా లాగడం

చాసిస్‌ను గొలుసులతో నేలకో బెంచీకో బిగించి, హైడ్రాలిక్ జాకీతో బ్రాకెట్‌ను మెల్లగా వెనకటి చోటికి తేవడం ఇది. వేడి పెట్టరు, సుత్తి వాడరు. ఒక పూటలో అయిపోతుంది, ఖర్చు తక్కువ, చాసిస్ మీద కొత్త వెల్డింగు పడదు. చెవి ఒక్కటే కొద్దిగా వంగి, పగులు లేదని డై పరీక్షలో తేలితే నేను దీనికే ఓటు వేస్తాను.

చిక్కు ఎక్కడంటే, ఉక్కు వంగిన చోట గట్టిపడుతుంది, ఆ మేరకు పెళుసెక్కుతుంది. కట్టుతీగను అటూ ఇటూ వంచి తెంపే పిల్లవాడికి కూడా ఈ సంగతి తెలుసు. ఒకసారి వంగినదాన్ని వెనక్కి వంచడమంటే రెండో వంపు. పైగా లోహం కాస్త వెనక్కి గుంజుకుంటుంది కాబట్టి కావలసిన చోటికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు అవతలికి లాగి వదలాలి. అందుకే ఐదారు మిల్లీమీటర్లకు మించిన వంపునూ, మడత పడినట్టు కోసుగా ఉన్న వంపునూ ఇలా లాగించవద్దు. ఇంతకుముందు ఒకసారి లాగించిన బ్రాకెట్‌ను రెండోసారి అసలు లాగించవద్దు. లాగిన తరువాత మళ్లీ డై పరీక్ష చేయించండి. ఇది అడిగితే మేస్త్రులు నవ్వుతారు, నవ్వనీయండి.

కాల్చి కొట్టడం

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే, నేను వద్దనేదీ ఇదే. గ్యాస్ మంట పెట్టి, ఇనుము ఎర్రబడగానే సమ్మెట వేస్తారు. నిమిషాల్లో వెన్నలా వంగుతుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఇనుము నేరేడు ఎరుపు దాటి చెర్రీపండు రంగుకు వచ్చిందంటే వేడి 700 డిగ్రీల సెల్సియస్ దాటిందన్నమాట. ఆ వేడిలో ఉక్కు లోపలి కూర్పు మారిపోతుంది. కర్మాగారంలో అదుపుగా చల్లార్చి తెచ్చిన బలం పోతుంది. ఇప్పటి బండ్ల ఫ్రేముల్లో రేకు పలచన, ఉక్కు రకం బలమైనది. వేడికి ఎక్కువగా నష్టపోయేది అలాంటి ఉక్కే. ఇక కొట్టాక చల్లారడానికి బకెట్టుతో నీళ్లు పోయడం అనే అలవాటు ఉందే, అది కొందరు మేస్త్రుల చేతిలో చూస్తే ఆ షాపు నుంచి బండి తీసుకుని బయటికి రండి. ఒక చోట మెత్తబడి, పక్కనే గాజులా పెళుసెక్కిన బ్రాకెట్‌తో అనంతగిరి ఘాట్ దిగడం మీకు ఇష్టమైతే అది వేరే సంగతి.

మందపాటి పాత జీపు ఇనుముకు ఎర్రబడనంత వేడి పెట్టి, జాకీతో లాగే పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతిలో ఆ పని నిలబడటం చూశాను. అలాంటివాళ్లు వేడిని కంటితో అంచనా కట్టరు, ఉష్ణోగ్రత చూపే సుద్ద గీసుకుంటారు. ఆ సుద్ద లేనిచోట ఈ పద్ధతి ఊసే వద్దు.

కోసి కొత్తది వేయడం

నేను చేయించింది ఇదే. పాదం దగ్గర పగులు, పది మిల్లీమీటర్లకు పైన వంపు, మడత పడిన చెవి, తుప్పు తినేసి పలచబడిన రేకు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దీన్ని మించిన దారి లేదని నా అభిప్రాయం. కానీ మిగతా పద్ధతులకన్నా ఇందులోనే తప్పు చేయడానికి చోటు ఎక్కువ. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

బ్రాకెట్ ఎక్కడిది అన్నది మొదటి ప్రశ్న. కంపెనీ విడిభాగం దొరికితే అదే. దొరకకపోతే, తుక్కుకు వచ్చిన అదే రకం బండి నుంచి కోసి తెచ్చినది రెండో ఎంపిక. ఆకారం, మందం, రంధ్రాల దూరం అన్నీ సరిపోతాయి, తుప్పు లేకపోతే చాలు. షాపులో ప్లేటు వంచి తయారు చేసేది మూడోది. దీన్ని చేయిస్తే రెండు విషయాలు చూడండి. మందం పాతదానికి సమానంగా ఉందా అన్నది ఒకటి. బోల్టు రంధ్రం డ్రిల్లుతో వేశారా, గ్యాస్‌తో కోశారా అన్నది రెండోది. గ్యాస్‌తో కోసిన రంధ్రం ఎప్పుడూ గుండ్రంగా ఉండదు. బోల్టు అందులో ఆడుతుంది, నెలలో రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

పాతదాన్ని తీసేటప్పుడు గ్యాస్ కటింగు వద్దని ముందే చెప్పండి. మంట బ్రాకెట్‌తో పాటు దూలాన్ని కూడా కొరుకుతుంది. గ్రైండరుతో వెల్డింగు గీతను మాత్రమే అరగదీయాలి. పాత మహీంద్రా జీపుల్లో బ్రాకెట్లు రివెట్లతో ఉంటాయి. వాటి తలలు గ్రైండరుతో తీసి, పంచ్‌తో రివెట్లు దించేసి, రంధ్రాలకు బిగుతుగా సరిపడే 10.9 గ్రేడు బోల్టులు వేస్తే సరి. వెల్డింగు అవసరమే ఉండదు.

వెల్డింగు రోజున నేను అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నాను. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించాను. ఈ తరం బండ్లలో ఇది మరచిపోతే బ్రాకెట్ ఖర్చు పోయి కంప్యూటర్ ఖర్చు నెత్తిన పడవచ్చు. ఎర్త్ క్లాంపును వెల్డింగు చేసే చోటికి జానెడు దూరంలో పెట్టించాను. దగ్గరలో పోయే బ్రేకు గొట్టాన్నీ పెట్రోలు గొట్టాన్నీ తీసి పక్కకు కట్టారు. తరువాత మేస్త్రి చేసిన పని నాకు బాగా నచ్చింది. రెండు చెవుల మధ్య, బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టం (బుష్) కూర్చునే చోట, సరిగ్గా అంతే పొడవున్న ఇనుప గొట్టం ముక్క పెట్టి బోల్టు బిగించాడు. ఎందుకని అడిగితే, వెల్డింగు చల్లారేటప్పుడు ఇనుము దగ్గరికి లాక్కుంటుందనీ, గొట్టం లేకపోతే చెవులు మూసుకుపోయి రేపు బుష్ దూరదనీ చెప్పాడు. రబ్బరు బుష్‌ను ముందే తీసేశాడు, లేకపోతే ఆ వేడికి మాడిపోయేది.

నాలుగు చోట్ల చుక్క వెల్డింగు పెట్టి ఆగాడు. మళ్లీ గుండు దారం, మళ్లీ సుద్ద, మళ్లీ టేపు. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. ఒక చుక్క గ్రైండరుతో తీసి, సుత్తితో తట్టి, తిరిగి చుక్క పెట్టాడు. మూడోసారికి కొలత కుదిరింది. అప్పుడు గానీ పూర్తి వెల్డింగు మొదలుపెట్టలేదు. అదీ ఒకే గీతగా కాదు, ఈ పక్క ఒక అంగుళం, ఆ పక్క ఒక అంగుళం, నడుమ చల్లారనిస్తూ. చుక్క వెల్డింగు తరువాత మళ్లీ కొలుస్తారా అన్న ఒక్క ప్రశ్నతో మంచి షాపునూ మామూలు షాపునూ వేరు చేయవచ్చు.

వెల్డింగు రకం గురించి గొడవలు వినే ఉంటారు. మూడు నాలుగు మిల్లీమీటర్ల రేకుకు సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు వాడే) వెల్డింగు అదుపులో ఉంటుంది, సన్నటి తీగతో కావలసినంత వేడే పడుతుంది. ఆర్క్ వెల్డింగు కూడా చెడ్డదేమీ కాదు, తక్కువ హైడ్రోజన్ ఉండే 7018 రాడ్లు వాడితే, అవి తేమ పట్టకుండా పొడిగా ఉంటే. ఆ చివరి షరతు విశాఖ గాలిలో చిన్నది కాదు. నెల రోజులుగా తెరిచి పెట్టిన పెట్టెలోంచి రాడ్లు తీస్తుంటే ఆపండి. ఇంకో మాట, షిప్‌యార్డులో పనిచేసి వచ్చిన వెల్డరు అంటే మన ఊళ్లో పెద్ద గౌరవం. ఆ చేతి నైపుణ్యానికి నేనూ దండం పెడతాను. అయితే అంగుళం మందం ప్లేటుకు అలవాటు పడిన చేయి చాసిస్ రేకు మీద కరెంటు తగ్గించుకోకపోతే దూలానికి రంధ్రం పడుతుంది. ముందుగా అదే మందం ముక్క మీద ఒక గీత వేసి చూపించమనండి.

బలం పెంచాలనే ఆశ

కొత్త బ్రాకెట్ వేస్తున్నప్పుడు ప్రతి షాపులోనూ వచ్చే మాట ఇది: ఎలాగూ విప్పాం కదా, డబుల్ ప్లేటు వేసేద్దాం. నేనూ దాదాపు ఊ అన్నాను. మేస్త్రే వారించాడు. “రాయి దెబ్బ ఎక్కడో ఒక చోట దిగాలి కదా బాబూ. బ్రాకెట్ వంగకపోతే దూలం వంగుతుంది. బ్రాకెట్‌కైతే నా దగ్గర మందుంది.”

ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. బ్రాకెట్ వంగి దూలాన్ని కాపాడింది. దాన్ని ఎనిమిది మిల్లీమీటర్ల ప్లేటుతో కదలకుండా చేస్తే తరువాతి దెబ్బ నేరుగా చాసిస్‌కే. అందుకని బలం అసలు పెంచవద్దని కాదు. పాదాన్ని కాస్త వెడల్పు చేసి బరువు ఎక్కువ చోట పరిచేలా, అసలు రేకంత మందంలోనే ఒక చిన్న త్రికోణపు ముక్క వేయడం మంచిదే. దూలం మీద అతుకు ప్లేటు వేయవలసి వస్తే దాని చివరలు వజ్రం ఆకారంలో కోసుగా ఉండాలి. దూలానికి అడ్డంగా, పై నుంచి కిందికి తిన్నగా వెల్డింగు గీత రాకూడదు. అలా వస్తే ఆ గీత వెంటే పగులుతుంది, కాగితాన్ని మడత దగ్గర చింపినట్టు.

దూలమే వంగితే

అప్పుడు వీధి షాపు మాట మరచిపోండి. చాసిస్ బెంచీ, కొలతల పటం రెండూ ఉన్న చోటికే తీసుకెళ్లండి. కొద్దిపాటి వంపును బెంచీ మీద చల్లగా లాగి సరిచేయగలరు. దూలం ముడతలు పడినా, మెలి తిరిగినా మొత్తం ఫ్రేము మార్చడమే మిగులుతుంది. ఇక్కడ డబ్బు కన్నా కాగితాల పని పెద్దది. చాసిస్ నంబరు ఫ్రేము మీదే చెక్కి ఉంటుంది, ఆర్‌సీలో ఉండేదీ అదే నంబరు. ఫ్రేము మారుస్తున్నారంటే రవాణా శాఖకు ముందుగా దరఖాస్తు చేసి అనుమతి తీసుకోవాలి. పాత నంబరు ఉన్న ముక్కను కోసి కొత్త ఫ్రేముకు అతికిస్తాం, ఎవరికీ తెలియదు అనే మహానుభావులు దొరుకుతారు. అది నేరం. బండి అమ్మబోయిన రోజునో, ప్రమాదం జరిగిన రోజునో బయటపడుతుంది. పాత బండికి ఫ్రేము మార్పు లెక్క వేస్తే చాలాసార్లు బండి ధరకే చేరువవుతుంది. అలాంటప్పుడు అమ్మేయడం గురించి ఆలోచించడం పిరికితనం కాదు.

ఏ బండికి ఏది?

జిప్సీ, పాత మహీంద్రా జీపులు: కమాన్ కట్టలు, ఒకే ఇరుసు. తెరిచిన పుస్తకం లాంటి అమరిక. బ్రాకెట్ కోసి వేయడం సులువు, కొలవడం ఇంకా సులువు. ఒకటే పరిమితి, ఇరుసు గట్టిది కాబట్టి అలైన్‌మెంట్ యంత్రం మీద సర్దగలిగేది టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు, ఒక్కటే. బ్రాకెట్ చోటు తప్పితే దాన్ని తరువాత ఏ యంత్రమూ సర్దలేదు.

2010 నుంచి 2020 దాకా వచ్చిన పాత థార్ సీఆర్‌డీఈ రకంలో ముందు వైపు టార్షన్ బార్లు ఉంటాయి. మెలి పెట్టిన కడ్డీలో దాగిన బలం చిన్నది కాదు. దాన్ని వదులు చేయకుండా ఆర్మ్ బోల్టు విప్పితే చేయి పోవచ్చు. తెలిసిన మేస్త్రి అయితేనే అప్పగించండి. 2020 తరువాతి థార్‌లో కాయిల్ స్ప్రింగులు, పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్‌లు. ఇక్కడ ఒక చక్రానికి ఒకటి కన్నా ఎక్కువ బ్రాకెట్లు ఉంటాయి, నాలుగు మిల్లీమీటర్ల తప్పు కూడా క్యాంబర్‌లో, అంటే చక్రం నిలువు వాలులో, కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. గుండు దారం కొలత సరిపోదు. బెంచీ ఉన్న షాపే కావాలి.

2023లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ ముందు వైపు కూడా గట్టి ఇరుసే, కాకపోతే కాయిల్ స్ప్రింగులతో, ఇరుసును పట్టి ఉంచే పొడవాటి ఆర్మ్‌లతో. వీటి బ్రాకెట్ వంగితే చక్రాల మధ్య దూరం 2,590 మిల్లీమీటర్లకు ఎడమా కుడీ సమానంగా రాదు. అడ్డ కడ్డీ బ్రాకెట్ వంగితే ఇరుసు మొత్తం ఒక పక్కకు జరిగి, బండి తిన్నగా పోతున్నా స్టీరింగు చక్రం వంకరగా ఉంటుంది. రెండు లక్షణాలూ వేరు. ఏది కనబడుతోందో చూసి షాపులో చెప్పండి.

బండి కొత్తదై, వారంటీ మిగిలి ఉంటే ముందు కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్లండి. ఫ్రేము మీద బయట వెల్డింగు పడ్డాక ఆ భాగానికి వారంటీ అడగడం కష్టం. అయితే సర్వీసు సెంటర్లు సాధారణంగా చాసిస్ మీద వెల్డింగు చేయడానికి ఇష్టపడవు, పెద్ద భాగం మార్చమంటాయి. పదేళ్లు దాటిన బండికి ఆటోనగర్‌లో చేయి తిరిగిన మేస్త్రే నయం.

బీమా అడగాలా?

రాయికి కొట్టుకోవడం ప్రమాదమే, సమగ్ర పాలసీ ఉంటే అడగవచ్చు. కానీ సర్వేయరు చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పకండి, ఫొటోలు అక్కడికక్కడే తీయండి. పోటీల్లో గానీ వేగ పరీక్షల్లో గానీ పాల్గొంటూ జరిగితే పాలసీ వర్తించదు. సొంత వాడకానికని రిజిస్టరైన బండిలో కిరాయికి పర్యాటకులను ఎక్కించుకున్నప్పుడు జరిగినా అంతే. వంజంగి, కటికి దారుల్లో సొంత బండిని సీజనులో కిరాయికి తిప్పేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

తరుగుదల లెక్క కూడా చూడండి. తరుగు లేని (జీరో డిప్రిసియేషన్) అదనపు రక్షణ తీసుకోకపోతే, ఐదేళ్లు దాటి పదేళ్ల లోపు బండి ఇనుప భాగాల ధరలో 40 శాతం, పదేళ్లు దాటితే 50 శాతం కోసేస్తారు. రబ్బరు బుష్‌లకు బండి వయసుతో పని లేకుండా సగం పోతుంది. నా జిప్సీ బ్రాకెట్ పని మొత్తం రెండు టైర్ల ధరలో అయిపోయింది. దానికి బీమా అడిగి నో క్లెయిమ్ బోనస్ పోగొట్టుకోవడం దండగ అనిపించింది. ఫ్రేము దాకా పోయిన దెబ్బ అయితే మరో ఆలోచన లేకుండా అడిగేవాణ్ని.

బండి బయటికి వచ్చేముందు

కొత్త బుష్‌లు వేశాక వాటి బోల్టులను బండి జాకీల మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. గాలిలో బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలి పడి ఆ మెలితోనే బతుకుతుంది, కొన్ని నెలలకే చీలిపోతుంది. బిగించే పని రెండు నిమిషాలు కూడా పట్టదు, అయినా దీన్ని సరిగ్గా చేసే షాపులు తక్కువ.

వెల్డింగు మీద జింక్ ప్రైమరు, దాని పైన పెయింటు, పెట్టె దూలం లోపలికి మైనపు పూత స్ప్రే. చివరిది బయటికి కనబడదు కాబట్టి ఎవరూ వేయరు. కానీ వెల్డింగు వేడికి దూలం లోపలి రంగు కూడా కాలిపోయి ఉంటుంది. భీమిలి, రుషికొండ వైపు ఉండేవాళ్ల బండ్లకు ఉప్పుగాలి లోపలి నుంచే తినడం మొదలుపెడుతుంది. బండిని ఇసుకలోకి దింపే అలవాటు ఉంటే, ఇంటికి రాగానే కింది భాగాన్ని మంచినీళ్లతో కడగండి.

ఆ తరువాత అలైన్‌మెంట్, ఈసారి దానికి అర్థం ఉంటుంది. రోడ్డు మీద చూసేటప్పుడు ఒక్క సంగతి: మన రోడ్లు నీరు పోవడానికి ఎడమ పక్కకు వాలుగా ఉంటాయి కాబట్టి బండి కాస్త ఎడమకు లాగడం సహజం. ఖాళీగా ఉన్న రోడ్డు నడుమ నెమ్మదిగా నడిపి చూసి అప్పుడు తేల్చండి. యూ బోల్టులు 500 కిలోమీటర్ల తరువాత మరోసారి బిగించాలి. డై పరీక్ష మొదటి కొండ ప్రయాణం తరువాత ఒకసారి.

నా బండి డ్యాష్‌బోర్డు అరలో ఇప్పుడు ఒక టేపు, ఒక సుద్దముక్క, ఒక చీటీ ఉంటాయి. చీటీ మీద కుడి 2,375, ఎడమ 2,374 అని మేస్త్రి చేతిరాత. ఆ ఒక్క మిల్లీమీటరు ఎక్కడిదని అడిగాను. “టేపుది” అన్నాడు, బీడీ వెలిగించుకుంటూ.